డే కేర్ పెట్టేవాళ్లు వినకూడని సలహాలు

ఇల్లు అద్దెకు తీసుకుని, గోడల మీద ఏనుగులూ సీతాకోకచిలుకలూ వేయించి, రేపో మాపో డే కేర్ మొదలుపెట్టబోయేవాళ్లకు సలహాలిచ్చేవాళ్ల కరువుండదు. ఇల్లు చూపించిన బ్రోకరు ఒకటి చెబుతాడు. కాగితాలు చేయించే ఏజెంటు ఇంకొకటి చెబుతాడు. పక్క కాలనీలో ఇప్పటికే నడుపుతున్నావిడ నాలుగు చెబుతుంది. చాలామంది మంచి మనసుతోనే చెబుతారు. ఆ సలహాలు పనిచేస్తున్నట్టే కనబడతాయి కూడా, ఎందుకంటే ఏళ్ల తరబడి ఏమీ జరక్కుండా గడిచిపోతుంది. ఏమీ జరగని ఆ ఏళ్లనే వాళ్లు అనుభవం అంటారు. వాటిలో తరచుగా వినబడేవీ, మీరు వినకూడనివీ ఇక్కడ రాస్తున్నాను. ప్లే స్కూలు, డే కేర్, క్రెష్, బోర్డు మీద పేరేదైనా సరే, ఆరేళ్లలోపు పిల్లల్ని కొన్ని గంటలపాటు పరాయివాళ్ల చేతిలో పెట్టే ప్రతి చోటికీ ఇవి వర్తిస్తాయి.

"ముందు మొదలుపెట్టేయండి, పర్మిషన్లు తర్వాత చూసుకుందాం"

దీని వెనక ఒక వాదన ఉంటుంది. ప్రైవేటు డే కేర్‌కంటూ ప్రత్యేకంగా చట్టం ఎక్కడుంది అని. దేశమంతటికీ ఒకే లైసెన్సు చట్టం లేని మాట నిజమే. అంతమాత్రాన ఎవరూ ఏమీ రాసిపెట్టలేదనుకోకండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలుండే ప్రైవేటు ప్లే స్కూళ్ల కోసం జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. 50 మందీ అంతకు మించీ ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ సదుపాయం కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించాక, ఆ క్రెష్‌లు ఎలా ఉండాలో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ కనీస ప్రమాణాలు తయారుచేసింది. వాటికి ముందే, 2013 నాటి జాతీయ పూర్వ బాల్య సంరక్షణ, విద్యా విధానంలో గది ఎంత ఉండాలి, ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దలుండాలి అన్న లెక్కలున్నాయి. ముప్పై మంది పిల్లలకు 35 చదరపు మీటర్ల గది అని అందులో ఉంది. అద్దె అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందే టేపు పట్టుకెళ్లి గదులు కొలవండి. సంతకం అయ్యాక కొలిస్తే మనసు తక్కువ కొలతనే ఎక్కువగా చూస్తుంది.

ట్రేడ్ లైసెన్సు ఒక్కటి ఉంటే చాలనేవాళ్లూ ఉన్నారు. అది మీరు వ్యాపారం చేసుకోవచ్చని మునిసిపాలిటీ ఇచ్చే కాగితం. మీ మెట్లకు రెయిలింగ్ ఉందా, వంటగదికి తలుపుందా అన్నది దానికి సంబంధం లేని విషయం. జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయానికి ఒకసారి, దగ్గరలోని ఫైర్ స్టేషన్‌కు ఒకసారి మీరే వెళ్లండి. ఏజెంటును పంపకండి. మీ భవనం ఫోటోలు చూపించి, ఏమేం కావాలో అడిగి రాసుకోండి. ఫైర్ స్టేషన్లో ఇలా ముందుగా వచ్చి అడిగేవాళ్లు తక్కువ. అడిగితే ఓపిగ్గా చెప్పేవాళ్లే ఎక్కువ.

రెన్యూవల్‌ విషయంలో కూడా ఇదే బద్ధకం కనబడుతుంది. 2024 మే 25 రాత్రి ఢిల్లీ వివేక్ విహార్‌లో నవజాత శిశువుల ఆస్పత్రి తగలబడింది. దాని లైసెన్సు గడువు అప్పటికే, మార్చి 31నే తీరిపోయింది. అనుమతి ఉన్నది అయిదు పడకలకు, లోపల ఉన్నది పన్నెండు మంది పసిగుడ్లు. కాగితానికి గడువు తీరడం వల్ల మంట పుట్టదు, అది నాకూ తెలుసు. కానీ ఏడాదికోసారైనా బయటివాళ్లొకరు లోపలికి వచ్చి, "ఇక్కడ ఇంతమంది ఎందుకున్నారు?" అని అడిగేది ఆ రెన్యూవల్ సమయంలోనే. ఆ ప్రశ్న వాయిదా పడినన్నాళ్లూ పడకలు పెరుగుతూనే ఉంటాయి.

"ఒకటే తలుపు పెట్టి తాళం వేసేయండి, పిల్లలు రోడ్డు మీదికి పోరు"

అన్ని సలహాల్లోకీ దీనికి ఎక్కువ భయపడాలి. ఎందుకంటే వినగానే న్యాయంగా ఉంటుంది. పిల్లలు గేటు దాటిపోతారన్న భయం నిజమైనదే. తల్లిదండ్రులకు కూడా తాళం చూస్తే ధైర్యంగా ఉంటుంది.

మెక్సికోలో సొనోరా రాష్ట్రం, ఎర్మొసియో నగరం. 2009 జూన్ 5 మధ్యాహ్నం ఏబీసీ అనే డే కేర్‌లో పిల్లలు నిద్రపోతున్నారు. ఆ భవనం పిల్లల కోసం కట్టింది కాదు, గోదామును మార్చి డే కేర్ చేశారు. గోడ అవతల ప్రభుత్వ శాఖవాళ్ల గోదాము. మంట అక్కడ పుట్టింది, పైకప్పు మీదుగా ఇటు పాకింది. కిటికీలు పిల్లలకే కాదు, పెద్దలకు కూడా అందనంత ఎత్తులో ఉన్నాయి. అత్యవసర ద్వారం అక్కరకు రాలేదు. లోపల ఉన్నవాళ్లను తీయడానికి ఒక యువకుడు తన వాహనంతో గోడను గుద్ది కన్నం పెట్టాల్సివచ్చింది. 49 మంది పిల్లలు చనిపోయారు. అది పెరట్లో ఎవరో నడుపుకున్న డే కేర్ కాదు. ప్రభుత్వ సామాజిక భద్రతా సంస్థతో ఒప్పందం మీద నడిచింది. ఆ తల్లిదండ్రులు ఏళ్లపాటు పోరాడాక, 2011లో అక్కడి పార్లమెంటు పిల్లల సంరక్షణ కేంద్రాల కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. దానికి జనం పెట్టుకున్న పేరు జూన్ 5 చట్టం.

అంత దూరం ఎందుకు, తమిళనాడులో కుంభకోణం ఉంది. 2004 జులై 16న వంటపాకలో లేచిన మంట పక్కనే ఉన్న బడి తాటాకు కప్పుకు అంటుకుని 94 మంది పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే సుప్రీంకోర్టు 2009లో దేశంలోని బడులన్నీ అగ్నిమాపక భద్రతా నియమాలు పాటించి తీరాలని ఆదేశించింది. మన ప్లే స్కూళ్లలో ఇప్పుడు తాటాకు కప్పులు లేకపోవచ్చు. యాన్యువల్ డే వచ్చిందంటే మాత్రం మేడ మీద గుడ్డ పందిరి, థర్మాకోల్ అలంకారం, వాటి మధ్య నుంచి లైటింగ్ వైర్లు వస్తాయి. దిగడానికి ఒకటే మెట్లదారి.

కాబట్టి తాళం గురించి ఇలా ఆలోచించండి. పిల్లవాడు తీయలేని తలుపు, పెద్దవాళ్లు తాళంచెవి లేకుండా ఒక్క చేత్తో తీయగలిగిన తలుపు, ఈ రెండూ ఒకే తలుపు కావాలి. దానికి పెద్దవాళ్ల భుజమంత ఎత్తులో గడియ చాలు. మొదటి తలుపుకు ఎదురు దిక్కున రెండో దారి ఉండాలి. దాని ముందు పాత కుర్చీలు, చెప్పుల స్టాండు, విరిగిన ఉయ్యాల చేరకుండా రోజూ ఒకరు చూడాలి. కిటికీ గ్రిల్స్ పూర్తిగా వెల్డింగ్ చేసి ఉంటే ప్రతి గదిలో కనీసం ఒకదాన్ని కబ్జాలు పెట్టించి లోపలి నుంచి తెరుచుకునేలా మార్పించండి. ఇంటి ఓనరు ఒప్పుకోకపోతే ఆ ఇల్లు మీకు వద్దు. నడవలేని పిల్లల్ని ఎప్పుడూ కింది అంతస్తులోనే ఉంచండి, పై గది ఎంత బాగున్నా సరే.

ఇక డ్రిల్. చేసేవాళ్లు కూడా ఉదయం ప్రార్థన తర్వాత, అందరూ బూట్లు వేసుకుని వరసలో ఉన్నప్పుడు చేస్తారు. మధ్యాహ్నం రెండు గంటలకు చేయండి. సగంమంది నిద్రలో, ఒకరిద్దరు డైపర్ మార్చుకుంటూ, ఒక ఆయమ్మ భోజనానికి కూర్చున్నప్పుడు. గేటు బయట వేపచెట్టో, కిరాణా కొట్టో ఏదో ఒక గుర్తు పెట్టుకుని, అక్కడ హాజరు పట్టీ చూసి పేరుపేరునా పిలవండి. హాజరు పట్టీ ఆఫీసు బీరువాలో ఉండిపోయిందని ఆ రోజే తెలుస్తుంది. తెలియడం కోసమే కదా డ్రిల్.

"ఒక్క ఆయమ్మ ఇరవై మందిని చూసేస్తుంది, మా అమ్మ ఎనిమిది మందిని పెంచలేదా"

మీ అమ్మగారు ఎనిమిది మందినీ ఒకే వయసులో పెంచలేదు. చిన్నవాణ్ణి ఎత్తుకుని తిరగడానికి పెద్ద పిల్లలుండేవారు, అత్తగారో ఆడపడుచో ఉండేది, పక్కింటి పిన్నిగారుండేది.

2013 విధానం ప్రకారం మూడేళ్లలోపు పిల్లలైతే పది మందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్లవాళ్లైతే ఇరవై మందికి ఒకరు ఉండాలి. నా దృష్టిలో ఇది కూడా కనీసమే. ఇంకా పాకే పిల్లలకు పదిమందికి ఒకరు చాలరు. పన్నెండు మంది ఏడాదిలోపు పసివాళ్లూ ఇద్దరు ఆయమ్మలూ ఉన్న గదిలో పొగ లేచిందనుకోండి. ఒక్కొక్కరు చెరో ఇద్దర్ని ఎత్తుకుంటే మొదటి విడతలో నలుగురు బయటపడతారు. మిగతా ఎనిమిది మంది కోసం ఆ ఇద్దరూ పొగలోకి రెండుసార్లు వెనక్కి వెళ్లాలి. పిల్లలకూ పెద్దలకూ నిష్పత్తి ఎంతన్న ప్రశ్నను నేనెప్పుడూ ఇలాగే లెక్కేస్తాను. చక్రాల తొట్టి ఒకటి కొంటే అయిదుగురిని ఒకేసారి తోసుకుపోవచ్చు. ఖరీదైనదే, అయినా కొనండి.

ఈ లెక్కలో వంటావిడను, రిసెప్షన్‌లో ఫోను ఎత్తే అమ్మాయిని కలపకండి. ఉదయం పదింటికి నిష్పత్తి సరిగ్గానే ఉంటుంది. సాయంత్రం అయిదున్నరకు చూడండి. ట్రాఫిక్‌లో చిక్కుకున్న తల్లులు ఫోన్లు చేస్తుంటారు, ఇద్దరు ఆయమ్మలు బస్సు టైమైందని వెళ్లిపోయి ఉంటారు, మిగిలిన ఒక్కావిడ తొమ్మిది మంది పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి గేటు దగ్గరికీ హాల్లోకీ తిరుగుతుంటుంది. మీ సిబ్బందిని ఆ గంటను బట్టి నియమించుకోండి.

ఎంతమంది ఉన్నా, కేవలం కళ్ల కాపలా మీద వదిలేయకూడనివి కొన్ని ఉన్నాయి. మన ఇళ్లలో అన్నిటికంటే ముందుది నీళ్ల సంపు. వాకిట్లోనే, పిల్లలు ఆడుకునే చోటే ఉంటుంది. దాని మీద ఒక కడప బండో, తుప్పు పట్టిన రేకు మూతో ఉంటుంది. "ఆయమ్మ చూస్తూనే ఉంటుంది కదా" అంటారు. ట్యాంకర్ వచ్చిన రోజు మూత తీస్తారు, పైపు వేస్తారు, నీళ్లు నిండాక ట్యాంకరు డ్రైవరు పైపు చుట్టుకుని వెళ్లిపోతాడు. మూత ఎవరు వేశారు? ఇది ఎవరి పని అన్నది ఎక్కడా రాసి ఉండదు. సంపుకు ఇనప మూత, కబ్జా, తాళం పెట్టించండి. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. ట్యాంకరు పిల్లలు రాకముందో, వెళ్లాకో రావాలి. నీళ్లలో మునిగే పిల్లవాడు కేకలు వేయడు, చేతులు ఊపడు, అందుకే పక్క గదిలో ఉన్నవాళ్లకు తెలియదు. బాత్రూంలో బకెట్లు కూడా వాడాక బోర్లించాలి. అప్పుడప్పుడే నిలబడుతున్న బిడ్డకు ఒంట్లోకెల్లా తలే బరువు. బకెట్లోకి వంగి తలకిందులుగా పడితే తిరిగి లేవలేదు. అడుగున జానెడు నీళ్లున్నా ప్రాణం పోతుంది.

ఫినాయిలు, యాసిడ్ ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టుకోవడం చాలాచోట్ల చూస్తాం. సందులో బండి మీద లూజుగా కొన్నది మరి దేనిలో పోయాలి అంటారు ఆయమ్మలు. లూజుగా కొనడమే మానేయండి. కంపెనీ సీసాలో, దాని లేబుల్‌తో, పిల్లలకు అందని ఎత్తులో తాళమున్న అల్మారాలో పెట్టండి. పొరపాటున తాగితే వాంతి చేయించకండి. యాసిడ్ దిగేటప్పుడు కాల్చిన గొంతునే వాంతిలో మళ్లీ కాలుస్తుంది. సీసా చేతపట్టుకుని నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. కరెంటు బోర్డులకు, షాక్ తగిలితే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ పెట్టించండి. గ్యాస్ సిలిండరు గోడ అవతల ఉండాలి. జరిగే గేటు పట్టాలు తప్పి మీద పడకుండా రెండు చివర్లా స్టాపర్లు ఉన్నాయో లేదో మీరే నెట్టి చూడండి.

"నిద్రపోకుండా ఏడిస్తే కొంచెం జలుబు సిరప్ వేయండి"

ఇది గుసగుసగా చెబుతారు. చెప్పేవాళ్లకే తప్పని తెలుసు కాబట్టి. జలుబు మందుల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి మత్తు కలిగిస్తాయి. ఆ మత్తు కోసమే వేస్తారు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందులను నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. సీసా మీద ఆ హెచ్చరిక వేయాలని కంపెనీలకు ఆదేశాలిచ్చింది. డాక్టరు చీటీ లేకుండా, తల్లి సంతకం లేకుండా, మీ డే కేర్‌లో ఏ పిల్లవాడి నోట్లోనూ ఏ మందూ పడకూడదు. రోజువారీ మందు ఉన్న పిల్లలకైతే అసలు సీసాతోనే తీసుకోండి. ఎంత వేశారో, ఎన్ని గంటలకు వేశారో ఒకరు రాయాలి, ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి. ఏడ్చే బిడ్డను ఎత్తుకునే చేయి తక్కువైతే ఇంకో మనిషిని పెట్టుకోండి. అంతకు మించి దీనికి వేరే దారి లేదు.

నిద్ర విషయంలోనే ఇంకో సలహా ఉంది. బోర్లా పడుకోబెడితే బాగా నిద్రపోతారని. నిజమే, గాఢంగా పోతారు. ప్రమాదం కూడా ఆ గాఢతలోనే ఉంది. ఏడాదిలోపు పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టాలని అమెరికాలో 1994లో ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో హఠాత్తుగా జరిగే శిశుమరణాలు కొన్నేళ్లలోనే దాదాపు సగానికి తగ్గాయి. వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు, దుప్పటి, బొమ్మలు లేకుండా. తల గుండ్రంగా రావాలని అమ్మమ్మలు పంపే ఆవాల దిండును కూడా నమస్కారం పెట్టి వెనక్కి పంపించేయండి. నిద్ర గదిలో ఒకరు ఎప్పుడూ మెలకువగా ఉండి, ముఖాలు కనబడేంత వెలుతురుంచుకుని చూస్తుండాలి.

"ఇన్‌స్పెక్షన్ రోజు మేనేజ్ చేద్దాం"

పక్క సెంటరు నుంచి ఇద్దరు టీచర్లను అరువు తెచ్చుకోవడం, సగంమంది పిల్లలకు ఆ రోజు సెలవివ్వడం, మంటలార్పే సిలిండర్లు నాలుగు అద్దెకు తెచ్చి గోడకు తగిలించడం. దీన్నే మేనేజ్ చేయడం అంటారు. తనిఖీకి వచ్చిన అధికారి గంట ఉంటాడు, వెళ్లిపోతాడు. అరువు టీచర్లు కూడా వెళ్లిపోతారు. మిగిలేది మీరూ, మీ పిల్లలూ.

ఉన్నదున్నట్టు చూపించండి. లోపం రాస్తే, ఎప్పటిలోగా సరిచేయాలో గడువడిగి, చేసి చూపించండి. గోడకున్న సిలిండరు మీ సొంతమై ఉండాలి. దాని ముల్లు పచ్చగీతలో ఉందో లేదో ప్రతి నెలా ఒకటో తారీఖున చూడండి. ఏటా సర్వీసు చేయించండి. గడువు తీరిన దాన్ని పారేయకముందు పెరట్లో ఆయమ్మలందరి చేతా పిన్ను లాగించి, మంట మొదటికి గురిపెట్టించి, ఒకసారి కొట్టించండి. ఆ సిలిండరు ఎంత బరువుంటుందో, ఎంత చప్పుడు చేస్తుందో ముందే తెలిసినవాళ్లు నిజంగా అవసరమైనప్పుడు తడబడరు.

"తెలిసిన కుటుంబమే, పోలీస్ వెరిఫికేషన్ ఎందుకు"

2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక పాఠశాలలో నాలుగేళ్ల పాప మీద లైంగిక దాడి బయటపడింది. చేసినవాడు ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. పిల్లలతో అతని ఉద్యోగానికి ఏ సంబంధమూ లేదు. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ల జైలు శిక్ష వేసింది. వెరిఫికేషన్ టీచర్లకూ ఆయమ్మలకూ మాత్రమే చేయించేవాళ్లు ఈ కేసును గుర్తుపెట్టుకోవాలి. వ్యాన్ డ్రైవరు, వాచ్‌మన్, వంటావిడ భర్త, ఏసీ రిపేరుకు వచ్చేవాడు, మీ తమ్ముడు, ఆవరణలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరూ లెక్కలోకి వస్తారు. రిపేరు పనులు పిల్లలు లేని వేళల్లో పెట్టుకోండి. ఏ పెద్దవాళ్లూ ఏ బిడ్డతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్నది నియమంగా గోడ మీద రాసిపెట్టండి. సీసీ కెమెరాలున్నాయి కదా అని తృప్తిపడకండి. జరిగిపోయినదాన్ని అవి చూపిస్తాయి. బాత్రూంలో ఉండవు, ఉండకూడదు కూడా.

అనుమానం వస్తే "మన సెంటరు పేరు పోతుంది, మనలో మనం తేల్చుకుందాం" అనే సలహా వస్తుంది. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి నేరం జరిగిందనిగానీ, జరిగే అవకాశముందనిగానీ తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ బాధ్యులు చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. పిల్లల మీద క్రూరత్వం సంస్థ నడిపేవాళ్లో, అందులో పనిచేసేవాళ్లో చేస్తే 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా కఠిన కారాగారం, అయిదు లక్షల దాకా జరిమానా. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు మీ ఆఫీసులో, వంటగదిలో, ఆయమ్మలు కూర్చునే చోట పెద్ద అక్షరాలతో ఉండాలి.

"తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వకండి, వాళ్లను చూస్తే పిల్లలు ఏడుస్తారు" అనేది దీనికి తోబుట్టువు. 2017 సవరణ తల్లికి రోజుకు నాలుగుసార్లు క్రెష్‌కు వెళ్లి బిడ్డను చూసుకునే హక్కు ఇచ్చింది. ఆఫీసు క్రెష్‌లో చట్టమే ఇచ్చినదాన్ని మీ డే కేర్‌లో మీరెందుకు కాదంటారు? ఏడుపు అయిదు నిమిషాల్లో ఆగిపోతుంది. చెప్పకుండా వచ్చిన తల్లికి ఏ గది తలుపు మూసి ఉండకపోతే ఆమెకు మీ మీద గురి కుదురుతుంది. తీసుకెళ్లేవాళ్ల విషయంలో మాత్రం మొహమాటపడకండి. "నేను బాబు మామయ్యని" అన్నవాళ్ల పేరూ ఫోటో మీ దగ్గర లేకపోతే, తల్లికి ఫోన్ చేసి, ఆమె గొంతు విన్నాకే పంపండి. బాబు "మామా" అని పరుగెత్తి వెళ్లినా సరే.

"చిన్న దెబ్బే, తల్లికి చెప్పకండి, అడిగితే ఇంట్లో తగిలిందేమో అనండి"

ఈ సలహా ఆయమ్మలు ఒకరికొకరు చెప్పుకుంటారు, ఉద్యోగం పోతుందన్న భయంతో. ఆ భయాన్ని ముందు తీసేయాల్సింది మీరే. దెబ్బ తగిలిందని వెంటనే చెప్పినందుకు ఎవరి జీతమూ కోయనని పనిలో చేరిన రోజే చెప్పండి, తర్వాత మాట తప్పకండి. తలకు తగిలిన దెబ్బ దాచిపెడితే, రాత్రి బిడ్డ వాంతులు చేసుకుంటున్నప్పుడు అది దేనివల్లో తల్లికి తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఆ కొన్ని గంటలు చాలా విలువైనవి.

ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. బిడ్డ పేరు, తారీఖు, టైము, ఎక్కడ పడ్డాడు, ఎవరు చూశారు, ఏం చేశారు, తల్లికి ఎన్ని గంటలకు ఫోన్ చేశారు. సాయంత్రం తీసుకెళ్లేటప్పుడు తల్లి సంతకం. నెలాఖరున మీరే ఒక్కరు కూర్చుని ఆ పేజీలన్నీ ఎక్కడ పడ్డాడన్న గడి వెంట చదవండి. "చేతులు కడుక్కునే చోటు మెట్టు" అని నాలుగుసార్లు కనబడితే అది పిల్లల అల్లరి కాదు, ఆయమ్మ అజాగ్రత్త కూడా కాదు. సోమవారం పిల్లలు రాకముందే మేస్త్రీని పిలిచి ఆ మెట్టు తీయించి వాలుగా చేయించండి. తడిసినా జారకుండా గరుకు బండ వేయించండి.